రెండు వరసల ఎత్తు

ఇళ్ళ శాఖలో కొత్తగా చేరిన ముగ్గురు కుర్రాళ్ళు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "సార్, సైటు మీద మొదట ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు. నాలుగు చెప్పాను. లెవెల్ పెట్టడం, ఇటుక తడపడం, సాయంత్రం కూలీలు ఇళ్ళకు వెళ్ళే వేళ మేస్త్రితో గొడవ పెట్టుకోకపోవడం, అసూయను లెక్కలో వేసుకోవడం. మొదటి మూడూ రాసుకున్నారు. నాలుగోదానికి నవ్వి కలాలు మూసేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

పేదవాళ్ళకు ఇళ్ళు కట్టించే ఉద్యోగానికి దయాగుణం కావాలంటారు. ఉంటే మంచిదే. నేను చూసినంతలో ఆ ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేది దయ కాదు, అసూయ. ఏనాడూ గోడ అన్నది లేని మనిషికి నాలుగు గోడలు లేపుతుంటే, ఆ మనిషి తన గోడలు చూసుకోడు. పక్కింటి కిటికీ తన కిటికీ కంటే బెత్తెడు పెద్దదేమోనని చూస్తాడు. రోడ్డవతల పెద్ద లోగిలి ఉన్న రైతు, ఇవతల పేదవాడికి పడే పెంకుల్ని చూసి నిద్ర పోడు. ఇక కట్టించే ఉద్యోగులు ఒకరినొకరు చూసుకునే చూపు సంగతి ఎవరూ రాయరు. నేను రాస్తాను. నేను అసూయపరుణ్ణి. రిటైరైనా అది నన్ను వదల్లేదు.

ప్రసాద్

డెబ్బైల్లో పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి సూపర్‌వైజరుగా చేరాను. పల్లెల్లో కాలనీలకు గీతలు గీసి, పునాదులు తీయించి, పెంకులు వేయించే దాకా చూసుకోవడం ఆ ఉద్యోగం. నాతోపాటే చేరినవాడు ప్రసాద్. హాస్టల్లో నా గదివాడు. ప్రతిదీ కొలుస్తానని నాకు 'స్కేలు' అని పేరు పెట్టింది వాడే. అది కాలేజీ దాటి, ఆఫీసు దాటి, చివరికి మా ఆవిడ దాకా వెళ్ళింది.

వాడి మీద నాకున్న ఫిర్యాదులు ఇవి. వాడి డ్రాయింగు మీద ఎప్పుడూ రబ్బరు మరకలే. నాది శుభ్రంగా ఉండేది, మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి. అయినా లెక్చరర్లకు గుర్తున్న పేరు వాడిది. కొత్త ఊళ్ళోకి ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్తే, సాయంత్రానికి ఊళ్ళో పిల్లలు వాడి వెనక పడేవాళ్ళు, కుక్కలు నా వెనక పడేవి. పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారమ్మా అని వాడు ఇంటింటికీ అడిగేవాడు. అడగాల్సిన అవసరమే లేదు. పొయ్యి ఎక్కడుండాలో డ్రాయింగులో ఉంది.

మాకు పైవాడు ఎ.ఇ. రంగారావు గారు. తక్కువ మాట్లాడే మనిషి. బుగ్గన కిళ్ళీ ఉంటే అసలు మాట్లాడడు. కంకిపాడు అవతల ఒకే మురుగు డ్రైను పక్కనున్న రెండు ఊళ్ళలో రెండు కాలనీలు మంజూరైతే, ఎగువ ఊరు నాకూ దిగువ ఊరు ప్రసాద్‌కూ ఇచ్చాడు. ఒకే డిజైను. అక్కడెన్ని ఇళ్ళో ఇక్కడా అన్నే. ఒకేలాంటి జనం: పొలం కూలీకి వెళ్ళే క్రైస్తవ కుటుంబాలు, డ్రైను గట్టు మీద తాటాకు పాకల్లో ఉండేవాళ్ళు. ఒక్కో కాలనీలో చిన్నపిల్లలకు బాల్వాడి గది ఒకటి. ఇంతకంటే సరైన పోటీని ఏ పరీక్షలోనూ పెట్టలేరనిపించింది నాకు. ప్రసాద్‌కు అది పోటీ అని కూడా తెలీదు. అది ఇంకా మండించేది.

వాడు మొదట కట్టింది బాల్వాడి గది. నేను ప్రోగ్రాం ప్రకారం దాన్ని చివర పెట్టుకున్నాను. కూలి ఆడవాళ్ళు పనికొచ్చేటప్పుడు పిల్లల్ని ఆ గదిలో దించి మట్టి మోసేవాళ్ళు. పంతులమ్మ వచ్చి పాటలు నేర్పేది, మధ్యాహ్నం పాలపొడి కలిపిచ్చేది. ఒక పెద్ద అధికారి జీపులో వస్తే, వాడి కాలనీలో పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. నా కాలనీలో ఆయనకు చూపించడానికి నా దగ్గర ఉన్నవి నీటుగా తీసిన పునాది గోతులు. ఆయన గోతుల్లోకి తొంగి చూసి, గడియారం చూసుకుని, జీపెక్కాడు.

లాకు గోడ మీద గీత

కాలనీలకు ప్రభుత్వం కొన్న స్థలాలు ఎప్పుడూ పల్లమే. మెరక స్థలం ఎవడమ్ముతాడు? కాబట్టి మా లెక్క అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది. ఇంటి నేల ఎంత ఎత్తున ఉండాలి?

దానికి రంగారావు గారి పద్ధతి ఒకటుంది. డ్రైను మీద నీళ్ళు ఆపి వదిలే పాత లాకు ఉంది. ఆ గోడ మీద పొంగిన ప్రతిసారీ నీళ్ళు మిగిల్చిన మరకలున్నాయి. అన్నిటికంటే పై మరక దగ్గర ఆయన మేకుతో గీత గీయించి, "మీ గచ్చు దీనికంటే పైన ఉండాలి. ఆ తర్వాత మీరు ఏమన్నా చేసుకోండి" అన్నాడు. మట్టం చూసే డంపీ లెవెల్ పెట్టి ఆ గీత మట్టాన్ని రెండు సైట్లకూ తెచ్చుకున్నాం. మెరక తోలించాక కూడా, గోడ మొదలయ్యే ముందు ఆరు వరసల ఇటుకతో బేస్‌మట్టం కట్టాలని తేలింది.

నా సైటు వెళ్ళి వెళ్ళి రైతుల వీధి చివర పడింది. రోడ్డుకు అటు పంచాయతీ ప్రెసిడెంటు వెంకటరత్నం గారి ఇల్లు, ఇటు కాలనీ. ఆరో వరస పూర్తయిన మొదటి ఇల్లు చూసి ఆయన నన్ను కాఫీకి పిలిచాడు.

"ఏవండీ ఇంజనీరు గారూ, ఇలా నా పక్కన కూర్చుని అటు చూడండి. ఏం కనపడుతోంది?"

"బేస్‌మట్టం అండీ."

"మీకు బేస్‌మట్టం. నాకు రేపు కాళ్ళు కనపడతాయి. నేనిక్కడ కూర్చుంటే వాళ్ళక్కడ అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతారు."

"మీ అరుగు కంటే ఒక్క బెత్తెడే ఎత్తండీ."

"బెత్తెడైనా ఎత్తు ఎత్తేగా? మా నాన్న ఈ అరుగు కట్టించినప్పుడు, ఈ వీధిలో దీని మీద నుంచి తల దించి చూడటమే గానీ ఎత్తి చూడటం లేదు." కాఫీ గ్లాసు కింద పెట్టి గొంతు మార్చాడు. "ఈ మాట నేనన్నానని రాయకండి. వాన నీళ్ళన్నీ కాలనీలోంచి మా వీధిలోకి వస్తాయని రాసుకోండి. రెండు వరసలు తీసేస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది."

నీళ్ళ మాట నిజం కాదు. కాలనీ వెనక్కి పక్క కాలవ తీయించాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను లేవబోతుంటే ఆయన నన్ను సరిగ్గా కొట్టాల్సిన చోట కొట్టాడు.

"దిగువూళ్ళో ప్రసాద్ గారు ఎంత మంచోరండీ! ఎవరేం చెప్పినా వింటారంట. ఆయన కాలనీకి అప్పుడే పెంకులు దిగాయంట. మీరూ చదువుకున్నవారే. మరి మీకెందుకండీ ఆలస్యం?"

ఆ రోజు ఎండలో తిరిగి కంకిపాడు దాకా సైకిలు ఎలా తొక్కానో నాకు గుర్తులేదు. ఆ ప్రశ్న మాత్రం గుర్తుంది.

మరియమ్మ

ప్రెసిడెంటు గారిని కాదనడం కష్టం కాదు. ఇంటి హక్కుదారే వచ్చి ఇల్లు తగ్గించమంటే ఏం చేస్తారు?

మరియమ్మది రోడ్డు వైపు మొదటి ఇల్లు. చంకలో ఎప్పుడూ చంటిపిల్ల. నాట్లకు వెళ్ళినా, మట్టి మోసినా, నన్ను తిట్టినా ఆ పిల్ల చంకలోనే ఉండేది. ఆమె అక్క రత్నమ్మని దిగువ ఊరికి ఇచ్చారు. అంటే రత్నమ్మకు ఇల్లు ప్రసాద్ కాలనీలో వచ్చింది.

"ఏవండీ సూపర్‌వైజరు గారూ, మా అక్క వాళ్ళింటికి పెంకులేసేశారంట. నిన్న సంతలో కనపడి చెప్పింది. చెప్పడమా అది! 'మాకు పెంకులు పడ్డాయే చెల్లీ, మీకింకా గోడలే లేవలేదంటగా, పాపం' అని బుగ్గలు నొక్కుకుంది. ఆ పాపం అనే మాటకి నాకు తిన్న కూడు అరగలేదు."

"మీకూ పడతాయమ్మా."

"ఎప్పుడండీ? ఈ చంటిదానికి పెళ్ళీడొచ్చాకా?"

మట్టి మోసే ఆడవాళ్ళంతా తట్టలు దించి నవ్వారు. నేను నా శాయశక్తులా వివరించాను. ఇటుక బట్టీల్లో సరుకు లేదు, మన బేస్‌మట్టం ఎత్తు ఎక్కువ, దానికే ఇటుకంతా పోతోంది అని.

"ఎత్తు ఎవరడిగారండీ? మేడ కట్టమన్నానా? నేల మీద గోడ పెట్టి దాని మీద పెంకు పెట్టండి. మా అక్క కంటే ముందు కాకపోతే పోనీ, ఆ పెంకులకి నాచు పట్టకముందు నావీ పడాలి. అంతే నేనడిగేది."

ఆమెను తప్పుపట్టే అర్హత ఆ సైటులో నా ఒక్కడికే లేదు. ఆమె అడిగింది, నేను రోజూ సైకిలు మీద అనుకుంటున్నది ఒకటే. ఎలాగైనా ఆ దిగువ ఊరిని దాటాలి. అయితే ఆమె చంకలో పిల్ల ఉంది, నెత్తిన తాటాకు ఉంది. నాకు అవి లేవు.

వరసలు లెక్కపెట్టడం

లెవెల్ కర్ర అరువు కావాలనే వంక పెట్టుకుని దిగువ ఊరికి వెళ్ళాను. ఏదో ఒక లోపం దొరక్కపోతుందా అనే ఆశతోనే వెళ్ళాను. దొరికింది. మొదటి ఇంటి ముందే దొరికింది. బేస్‌మట్టం ఆరు వరసలుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. రెండో ఇల్లూ అంతే, మూడోదీ అంతే. నాకు ఒళ్ళు తేలికైంది. పరీక్షలో పక్కవాడి కాగితం మీద తప్పు చూసినప్పుడు కలిగే సంతోషం అది. పైకి ఎవరూ ఒప్పుకోరు.

"ఏరా స్కేలూ, వేలితో ఏం లెక్కపెడుతున్నావు? నన్నడిగితే చెప్పేవాణ్ణిగా." ప్రసాద్ ఇటుక ముక్క మీద కూర్చుని ఎవరి పిల్లకో జామకాయ కోసి పెడుతున్నాడు. "రెండు తగ్గించాను."

"ప్రెసిడెంటు చెప్పాడా?"

"ఇక్కడ ప్రెసిడెంటుకి కాలనీ ఎక్కడుందో కూడా తెలీదు. బట్టీలో ఇటుక లేదురా. ఉన్నదాంతో అందరికీ నాలుగు వరసల మీద గోడలు లేపాలా, సగంమందికి ఆరు వరసలు కట్టి మిగతా సగాన్ని గట్టు మీదే ఉంచాలా అని చూశాను."

"డ్రైను పొంగితే?"

"పొంగుతుందేమో. ఎండ మాత్రం ఇప్పుడే ఉంది. ఈ పిల్ల వీపు చూడు, ఒళ్ళంతా చెమటకాయలు. తాటాకు కింద ఉడికిపోతున్నారు." పిల్లను తిప్పి చూపించాడు. ఆ పిల్ల నన్ను చూసి వాడి వెనక దాక్కుంది.

దాచిపెట్టి ఉంటే వాడు నాకు దొరికిపోయేవాడు. దాచలేదు. అయినా నేను ఊరుకోలేదు. మర్నాడు ఆఫీసులో రంగారావు గారి ముందు నిలబడి, వినయంగా, దిగువ ఊళ్ళో మట్టం తక్కువుందని చెప్పాను.

ఆయన కిళ్ళీ ఊసి వచ్చాడు. అంటే మాట్లాడబోతున్నాడన్నమాట.

"తెలుసు. నాతో చెప్పే తగ్గించాడు. ఇటుక లేదంటే నేనూ సరేనన్నాను. నీక్కూడా ఇటుక లేదుగా? నువ్వూ తగ్గించుకుంటావా?"

రూలు ఉంది కాబట్టి తగ్గించనని అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు రూలు పక్కకి తప్పుకుంది. తగ్గిస్తే ప్రెసిడెంటు గారికి మర్యాద, మరియమ్మకు పెంకులు, నాకు ప్రసాద్ పక్కన చోటు. తగ్గించకపోతే డ్రైను పొంగినప్పుడు పనికొచ్చే రెండు వరసలు. పొంగుతుందో లేదో కూడా తెలీని డ్రైను అది.

"మీ గీత సంగతేంటండీ మరి?" అన్నాను.

"గీత గీతే. డ్రైనుకి ప్రెసిడెంటెవరో, ప్రసాదెవరో, నువ్వెవరో తెలీదయ్యా. పొంగితే గీత దాకా వస్తుంది. ఈ ఏడు వస్తుందని నేను చెప్పలేను. ఎవరి సైటు వాళ్ళు ఆలోచించుకోండి."

నేను తగ్గించనన్నాను. ఎందుకన్నానో కుర్రాళ్ళకు ఉన్నదున్నట్టు చెబుతున్నాను. జనం క్షేమం గురించి ఆలోచించి కాదు. పెంకుల్లో ప్రసాద్ నాకంటే ముందున్నాడు, పిల్లల పాటల్లో ముందున్నాడు, అందరి నోళ్ళలో ముందున్నాడు. వాడికంటే నాకు ఎక్కువ ఉన్నది ఆ రెండు వరసలే. అవి కూడా తీసేసి వాడితో సమానమవ్వడం నా వల్ల కాలేదు.

గాలివాన

దానికి మొదటి ఖరీదు నేను కట్టలేదు, మరియమ్మ కట్టింది.

ఎండాకాలం చివర ఒక రాత్రి గాలివాన వచ్చింది. ఆ గాలికి గట్టు మీద పాకల తాటాకులన్నీ పొలాల్లో పడ్డాయి. తెల్లారి నేను సైటుకు చేరేసరికి మరియమ్మ తన సగం లేచిన గోడ మూలన, గోనెసంచి కప్పుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొయ్యి, బియ్యం కుండ అన్నీ తడిసిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా అక్క ఇంట్లో దీపం కూడా ఆరలేదంటండీ," అంది.

ఆరు వరసల గురించి చెప్పడానికి అది సమయం కాదు. మర్నాటి నుంచి ఉయ్యూరు దాటి తిరిగి, బట్టీల వాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఇటుక తెచ్చాను. ముందు బాల్వాడి గది కట్టించి కప్పు వేయించాను. చంటిపిల్లలున్న వాళ్ళు ఇల్లు పూర్తయ్యేదాకా అందులో పడుకున్నారు. ఇది ప్రోగ్రాంలో లేదు. ఎవరిని చూసి నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. వానాకాలం మధ్యలో మిగతా పెంకులు పడ్డాయి. అప్పటికి రత్నమ్మ పెంకుల మీద నాచు పట్టింది.

డ్రైను

ఆ ఏడే పొంగింది.

ఎడతెరిపి లేని ముసురు. కింద సముద్రం నీళ్ళు తీసుకోవడం లేదని లాకు మనిషి చెప్పాడు. పొద్దున్నే నేను లాకు దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు గీతకు దగ్గరగా ఉన్నాయి. మధ్యాహ్నానికి గీతను ముట్టుకున్నాయి. ముట్టుకుని ఆగాయి. లోకమంతా మునుగుతుంటే సంతోషించకూడదని తెలుసు. నేను కాలనీకి పరుగెత్తి మరియమ్మ అరుగు చూశాను. ఐదో వరస తడిసింది. ఆరోది పొడిగా ఉంది. నా వేలితో ముట్టుకుని చూశాను.

అప్పుడు దిగువ ఊరి నుంచి జనం రావడం మొదలైంది. ప్రసాద్ కాలనీలో ఇళ్ళల్లోకి చీలమండ పైదాకా నీళ్ళు వచ్చాయి. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. ముందుగా రత్నమ్మ. ఆమెను చూడగానే మరియమ్మ అరుగు అంచుకు వచ్చి నిలబడింది. ఆ ఆడమనిషి అంత ఠీవిగా నిలబడటం నేను మళ్ళీ చూడలేదు.

"రావే అక్కా, రా. పైకెక్కు. నిదానం, మాకు మెట్లెక్కువ. మీకలవాటు లేదుగా."

"ఎక్కుతున్నాలేవే. నువ్వేదో కట్టినట్టు!"

"నేను కట్టకపోతేనేం, నాదేగా. పాపం, మీ ఇంట్లోకి వచ్చాయంటగా నీళ్ళు?"

ఆ 'పాపం' ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సంతలో అప్పు తీసుకున్నది వడ్డీతో తీర్చింది. ఆ మాటైపోగానే అక్క చంకలో పిల్లాణ్ణి లాక్కుని, తన కొంగుతో తల తుడిచి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. చెల్లెలి మొహం చూసి రత్నమ్మ నవ్వింది, ఏడ్చింది కూడా.

నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. ఇది నా రోజు అనుకున్నాను. రోడ్డవతల వెంకటరత్నం గారు తన పైమెట్టు మీద నిలబడి ఉన్నాడు. నీళ్ళు ఆయన అరుగు గచ్చు మీద పల్చగా పారుతున్నాయి. కాలనీ అరుగుల మీద పొడిగా కూర్చున్న కాళ్ళ వంక ఆయన చూస్తున్నాడు. నేను కూడా కూర్చుని కాళ్ళూపుదామా అనిపించింది.

అప్పుడు ప్రసాద్ వచ్చాడు. మోకాళ్ళ దాకా పైకి మడిచిన ప్యాంటు, రెండు భుజాల మీదా ఇద్దరు పిల్లలు, వెనక ఒక ముసలమ్మ వాడి చొక్కా పట్టుకుని. మా బాల్వాడి గదిలో ఉన్న పిల్లలంతా బయటికి దూకి వాడి మీద పడ్డారు. నా కాలనీ పిల్లలు! వాడు వాళ్ళను విదిలించుకుని, నా ఎదుటికి వచ్చి, అరుగుల మీదున్న అందరికీ వినపడేలా అన్నాడు.

"నీ లెక్కే కరెక్టురా స్కేలూ. నేను తప్పు కట్టాను."

నేను ఆ మాట కోసం హాస్టల్ రోజుల నుంచి ఎదురు చూశాను. అది వచ్చిన తీరు చూడండి. అందరి ముందూ అంత తేలిగ్గా ఓడిపోవడం కూడా వాడికే చేతనైంది. వెంటనే నాలుగు వైపుల నుంచీ జనం మొదలుపెట్టారు.

"మీరేం చేస్తారండీ, ఆకాశం చిల్లు పడితే!"

"ఎండాకాలమంతా మమ్మల్ని కాపాడింది మీరేగదండీ!"

రత్నమ్మ, ఇల్లు మునిగిన రత్నమ్మ, చెల్లెలి పొయ్యి మీద కాచిన మొదటి గ్లాసు టీ వాడికిచ్చింది. రెండోది ముసలమ్మకు. మూడోది ప్రసాద్ తీసుకుని నా చేతిలో పెట్టాడు. నాకు ఆ టీ కూడా వాడి చేతి మీదుగానే వచ్చింది.

ఎవరిది ఒప్పు

కుర్రాళ్ళు ఇదే అడుగుతారు. ఇంజనీరుగా జవాబు చెప్పాలంటే నాదే. లాకు గోడ మీద గీత అబద్ధమాడదు. ఇటుక దొరకలేదని గీతను దించకండి. మట్టం ఒకసారి కట్టేశాక పెంచడం, పెంకులు ఆలస్యంగా వేయడంకన్నా చాలా కష్టం. మరుసటి ఏడాది ప్రసాద్ ఇళ్ళ లోపల గచ్చు పెంచాల్సి వస్తే, తలుపులన్నీ కోయాల్సి వచ్చింది. తలవంచుకుని లోపలికి వెళ్ళాలి ఇప్పుడు ఆ ఇళ్ళలోకి.

కానీ ఎండాకాలం గాలివానలో దీపం ఆరలేదన్న మాట కూడా నేను విన్నాను. దాన్ని ఏ లెవెల్ కర్రతో కొలవాలో నాకు ఎవరూ నేర్పలేదు. ప్రసాద్‌కు పుట్టుకతో వచ్చింది. మనుషుల్ని అడగడం వాడి దగ్గర నేర్చుకోండి. మట్టం నా దగ్గర నేర్చుకోండి. రెండూ ఒకే మనిషిలో ఉన్న సూపర్‌వైజరును నా సర్వీసులో చూడలేదు. ఉంటే వాడంటే కూడా నాకు పడేది కాదు.

అసూయ సంగతికి వస్తే, దాన్ని పోగొట్టాలని చూడకండి. పోదు. అది ఏ పనికి తోస్తుందో చూసుకోండి. ఆ నీళ్ళు తీశాక వచ్చిన ఎండాకాలంలో వెంకటరత్నం గారు నా మేస్త్రినే పిలిపించి, తన అరుగు మూడు వరసలు పెంచాడు. కాలనీ కంటే ఎత్తు ఉండాలి, అంతే ఆయనకు కావాల్సింది. ఆయన పక్కింటాయన ఊరుకుంటాడా? ఆయన నాలుగు పెంచాడు. రెండేళ్ళలో వీధి వీధంతా పైకి లేచింది. మళ్ళీ డ్రైను పొంగినప్పుడు ఆ వీధిలో ఒక్క ఇంట్లోకీ నీళ్ళు రాలేదు. ఏ సర్కులరుతోనూ అంత పని చేయించలేం.

మెరక

రిటైరయ్యాక ఒకసారి ఉయ్యూరులో పెళ్ళికి వెళ్ళి, తిరుగు దారిలో ఆ ఊళ్ళో దిగాను. మరియమ్మ పోయిందని చెప్పారు. మొదటి ఇల్లు అలాగే ఉంది. పెంకులు మార్చారు, గోడకు నీలం రంగు వేశారు. అరుగు మీద ఒకావిడ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చంకలో ఉండి ఎక్కిళ్ళు పెట్టిన పిల్ల ఆవిడేనని మాటల్లో తెలిసింది. ఇప్పుడు మనవలున్నారు. అరుగు అంచున కూర్చుని కాళ్ళూపుతోంది.

"ఎవరి కోసమండీ?"

"ఎవరి కోసమూ కాదమ్మా. పాత కాలనీ చూద్దామని. ఇది ఎవరు కట్టించారో తెలుసా?"

"గవర్నమెంటోళ్ళండీ. ఎవరో సూపర్‌వైజరు గారంట, చాలా ఆలస్యం చేశాడని మా అమ్మ చచ్చేదాకా తిడుతూనే ఉండేది. మా పెద్దమ్మ వాళ్ళది మాత్రం ప్రసాద్ గారు కట్టించారండీ. ప్రసాద్ నగర్. రోడ్డు మీద బోర్డుంది చూడండి."

"మరి దీని పేరు?"

"దీనికి పేరేం లేదండీ. మెరక అంటారు. ఎవరి పిల్లవమ్మా అంటే మెరక మీద వాళ్ళం అంటాం."

నేను వంగి బేస్‌మట్టం చూశాను. రోడ్డు రెండుసార్లు పెంచినట్టున్నారు, కింది వరసలు భూమిలోకి వెళ్ళిపోయాయి. పైవి ఉన్నాయి. ఇటుక ఎక్కడా గుల్లబారలేదు.

"ఇక్కడికి ఎప్పుడన్నా నీళ్ళొస్తాయా అమ్మా?"

ఆవిడ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని, ఊరికి కొత్తగా వచ్చిన తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఇక్కడికి నీళ్ళెందుకొస్తాయండీ?"

అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు నా సర్వీసులో ఎవరూ ఇవ్వలేదు. ప్రసాద్ కట్టించిన ఇళ్ళలో ఏ ఆడమనిషీ ఆ మాట అనలేదు. అది చాలు నాకు అనుకుంటూ బస్సెక్కాను. చాలుననే అనుకున్నాను. దిగువ ఊరి మలుపులో బస్సు ఆగింది. కిటికీ పక్కనే వాడి పేరు బోర్డు, కొత్తగా రంగు వేసి ఉంది.

అక్షరాలు వంకరగా ఉన్నాయి. లెవెల్ చూసుకోలేదు ఎవరూ.